కంకిపాడు దాటాక వేసుకున్న గాజులు

ఇంటర్ అయిన ఎండాకాలం, విజయవాడ నుంచి గుడివాడ వెళ్లే సాయంత్రం బస్సులో, పటమటలో ఎక్కిన ఒకావిడ నా పక్కన కూర్చుంది. బోసి చేతులు, బోసి నుదురు. భర్త పోయారేమో పాపం అనుకుని చూపు తిప్పుకున్నాను.

కంకిపాడు దాటాక ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి గాజులు తీసి ఒక్కొక్కటే వేసుకుంది. బొట్టుబిళ్ల పెట్టుకుంది. నేను తెల్లబోయి చూస్తుంటే నవ్వేసింది.

“మందుల ఫ్యాక్టరీలో చేస్తానమ్మా. ఇవేవీ లోపలికి రానివ్వరు. మందులో ఏ కాస్త రాలినా ప్రమాదమే కదా.”

నాకు ప్రాణం లేచొచ్చింది. “నాకూ అలాంటి చోటే చెయ్యాలనుందండీ. మా నాన్నేమో ఫార్మ్‌డీలో చేరమంటున్నారు. పేరు ముందు డాక్టర్ అని ఉంటుందట.”

“అదీ మంచి చదువే, కాకపోతే ఎక్కువగా ఆస్పత్రుల వైపు. మందులు తయారు చెయ్యాలంటే బీఫార్మసీ చదువు. నేనూ అదే చదివాను. పేరు ముందు ఏమీ ఉండదు, పనిలో ఉన్నంతసేపూ చేతులకీ ఏమీ ఉండవు. సరేనా?”

“సరేనండీ,” అన్నాను. ఇంటికెళ్లి నాన్న ముందు ఆ మాట మీదే నిలబడ్డాను. ఆయన రెండు రోజులు ఫార్మ్‌డీ అనే పట్టుబట్టారు. నేనూ తగ్గలేదు.

ఇప్పుడు నా గాజులు కూడా కంకిపాడు దాటాకే చేతులకెక్కుతాయి.