‘చాలు’ నొక్కమన్న పాపానికి

రెండక్షరాల మాట. దాన్ని ఒక బొత్తాం మీద రాసిన పాపానికి, పెద్దముడియం మండలంలో ఒక ఊరు ఊరంతా పొద్దున్నుంచి సాయంత్రం దాకా నన్ను తిట్టింది. ఆ తిట్లు తినడానికి ఒక్కొక్కరికీ వందల సార్లు ఫోన్ చేసింది కూడా నా గొంతే. ఎలాగో చెబుతాను. నవ్వితే నవ్వండి గానీ, మా నాన్న చెవిన మాత్రం వెయ్యకండి.

అప్పట్లో నాకు కొత్త ఉద్యోగం. ఆఫ్రికాలో ఎకరా రెండెకరాల రైతుల కోసం ఎవరో తయారుచేసిన ఫోన్ యాప్‌ను మా కంపెనీ ఇక్కడికి తెచ్చింది. రైతు ఫోన్ పట్టుకుని తన పొలం గట్టు వెంట ఒక చుట్టు తిరిగితే, పొలం ఎక్కడుందో ఎంతుందో యాప్ గుర్తుపెట్టుకుంటుంది. ఆ పొలం మీదికి వాన వచ్చేలా ఉంటే ముందుగానే రైతుకు ఫోన్ వెళ్తుంది. ప్రొద్దుటూరులో కూర్చుని చుట్టుపక్కల ఊళ్ళ రైతులను ఇందులో చేర్చడం నా పని.

నడక అయిపోయాక నొక్కడానికి ఆఫ్రికాలో ఒక ఎర్ర చుక్క పెట్టారట. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా టక్కున నొక్కేవారట. నాకది నచ్చలేదు.

“సార్, మావాళ్ళకు తెలుగులో ఉండాలి” అన్నాను మేనేజరుతో.

“ఎర్ర చుక్కకు భాషేంటయ్యా?” అన్నాడాయన.

వింటేనా! మా నాన్న బళ్ళో తెలుగు పంతులు. ఆయన కడుపున పుట్టి చుక్క దగ్గర ఆగిపోతానా? రెండు రోజులు ఆలోచించి, ఎర్ర చుక్క తీయించి, ఆకుపచ్చ బొత్తాం పెట్టించి, దాని మీద ‘చాలు’ అని రాయించాను. నడక ముగిసింది, ఇక చాలు అని. వాన కబురు కూడా నా గొంతుతోనే రికార్డు చేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు అనువాదం చేస్తే పోయింది.

ఆ ఊరి రచ్చబండ దగ్గర మీటింగు పెట్టాను. అందరికంటే ముందు కూర్చున్నావిడ ఓబులమ్మత్త. రెండెకరాల నల్లరేగడిలో పప్పుశనగ వేసింది. భర్త లేడు, ఆ రెండెకరాలే ఆధారం.

“పోయినేడు కళ్ళంలో కుప్ప మీద వాన పడి గింజ నల్లబడిపోయినాదప్పా. ఎవురూ ముట్టుకోలా. ఈయేడు గూడా అట్లే అయితే నేను బతికేది శానా కష్టం” అంది.

“నీకెందుకత్తా భయం! వానకంటే ముందు నా ఫోన్ వస్తాది” అని గుండె మీద చెయ్యేసుకుని మాటిచ్చాను.

అందరికీ బొత్తాం చూపించి, “గట్టు వెంట నడవండి, చాలు నొక్కండి. అంతే!” అన్నాను. అప్పటికే ఆకలి దంచేస్తోంది. బండి తాళం తిప్పుతుంటే ఓబులమ్మత్త పరుగున వచ్చింది.

“సాలుకొగసారి నొక్కాల్నా అప్పా?”

‘చాలు ఒకసారి నొక్కాలా’ అని అడుగుతోందనుకున్నాను.

“ఆ, ఆ! తప్పకుండా అత్తా! అందరికీ నువ్వే చెప్పు!” అని వెళ్ళిపోయాను.

నెలన్నర గడిచింది. శనగ పీకి కళ్ళాల్లో కుప్పలేశారు. ఒకరోజు మధ్యాహ్నం మేనేజరు ఫోన్.

“ఓబులమ్మ అంటే ఎవరయ్యా?”

“రెండెకరాల చిన్న రైతు సార్.”

“చిన్న రైతా? ఆమెకు రెండొందల పదహారు పొలాలున్నాయి! సాయంత్రం వాన ఉంది. పొలానికొక ఫోన్ చొప్పున తెల్లారినప్పటినుంచి పోతూనే ఉన్నాయి. ఊళ్ళో అందరిదీ ఇదే వరస. ఇప్పుడు ఊళ్ళో ఒక్క ఫోనూ కలవడం లేదు, అన్నీ స్విచ్చాఫ్!”

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఓబులమ్మత్త విసుగొచ్చి, కబురు వినకుండానే ఫోన్ ఆపేసి ఉంటుంది. కుప్ప తడిస్తే ఆ మనిషి గతేం కావాలి? బండి తీశాను. జమ్మలమడుగు దాటేసరికి ఆకాశం నల్లగా కమ్ముకొస్తోంది. దారి పొడవునా దేవుళ్ళందరికీ మొక్కాను, ఏ దేవుడికి ఏం మొక్కానో ఇప్పటికీ గుర్తులేదు.

ఊరి కళ్ళాల దగ్గర బండి ఆపి, “అత్తా! వాన వస్తాంది!” అని అరిచాను.

ఊరు ఊరంతా నావైపు తిరిగింది. వాళ్ళ వెనక కుప్పలన్నిటి మీదా పట్టలు కప్పి ఉన్నాయి. చుట్టూ రాళ్ళు కూడా పెట్టారు. ఓబులమ్మత్త కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

“వచ్చినావా! ఏమప్పా, నీకేమన్నా పిచ్చి పట్టిందా? యాడ పెట్టినా మోగుతాంది! బియ్యం డబ్బాలో పెట్టినా మోగుతాంది! నేను బదులు చెప్తాంటే వినకుండా మల్లా నమస్కారం, నమస్కారం అంటాండావు!”

“అది రికార్డు అత్తా...”

“రికార్డో గికార్డో! మొదటి ఫోనుకు నమ్మలా. పదో ఫోనుకు తిట్టినా. ఇరవయ్యో ఫోనుకు, ఇంత బతిమాలి గోజారతాండాడే, నిజమేనేమో అని లేచి పట్ట తీసినా. నన్ను చూసి ఊరంతా తీసినారు. ఒగసారే చేసింటే ప్రకటనలోళ్ళనుకోని ఫోను కోసేసేదాన్ని.”

కప్పిన పట్టలన్నీ ఇంకోసారి లెక్కపెట్టుకున్నాను. సంతోషంతోనే!

“అది సరే అత్తా, నీకు రెండొందల పదహారు పొలాలు యాడివి?”

“పొలాలేంది? సాళ్ళు! నువ్వే గదా సాలు నొక్కమంటివి. సాలుకొగసారా అంటే తప్పకుండా అంటివి. ఎండలో నడుం ఇరిగేట్టు ఒగ్గొగ సాలూ లెక్కబెట్టి నొక్కినా!”

అప్పుడు వెలిగింది నా బుర్ర. విత్తనం వేసిన వరస వాళ్ళకు సాలు. ఇక వద్దు అన్నా సాలే. ప్రొద్దుటూరు సందుల్లో పెరిగిన పంతులుగారి అబ్బాయికి రెండో సాలు ఒక్కటే తెలుసు. నొక్కిన ప్రతిసారీ యాప్ ఆ సాలును ఒక కొత్త పొలంగా రాసుకుంది.

ఇంతలో టపటపా వాన. ఓబులమ్మత్త నన్ను ఇంట్లోకి లాక్కెళ్ళి పీట వేసింది. సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి, పైన నెయ్యి. బయట కుప్పలు పొడిగా ఉన్నాయి, లోపల నా కడుపు చల్లగా ఉంది. రెండు ముద్దలు అమృతంలా దిగాయి.

“చాలు అత్తా” అన్నాను.

ఇంకో ముద్ద పడింది.

“అత్తా, చాలు!”

ఇంకోటి.

“అయ్యో, చాలు! చాలు!”

రెండు పడ్డాయి. ఊపిరాడక ఆమె ముఖం చూశాను. నవ్వాపుకుంటూ గరిటె ఎత్తి పట్టుకుని ఉంది.

“అనప్పా, అను. సాలుకొగటి.”

మర్నాడే ఎర్ర చుక్క తిరిగొచ్చింది. ఆనాడు పీట మీదినుంచి లేవలేక, గోడ పట్టుకుని, సంగటి సాక్షిగా ఒట్టేశాను: ఈ జన్మలో ఏ బొత్తానికీ పేరు పెట్టను. ఓబులమ్మత్త ఇంట్లో మాత్రం, కడుపు పగిలినా సరే, ఆ రెండక్షరాల మాట అనను. చెయ్యి అడ్డం పెడతాను.