క్యాసెట్‌లో మామా

కువైట్‌లోని ఖైతాన్‌లో, మూడో అంతస్తులో మాది ఒకటిన్నర గది. ఆ అరగదే వంటిల్లు. మేమిద్దరం కాపురం పెట్టిన కొత్తలో మా వైపు వాళ్లలో సంసారంతో ఉన్నవాళ్లు తక్కువ. అందుకే శుక్రవారం వచ్చిందంటే కడప, రాయచోటి మనుషులంతా మా ఇంట్లోనే. చింతపండు ఎవరు తెచ్చినా పులుసు నేనే పెట్టాలి. విసుక్కునేదాన్ని. ఎవరూ రాని వారం మాత్రం ఏమీ తోచేది కాదు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ ఇల్లంతా పసుపుపచ్చని వెలుతురుగా కనిపిస్తుంది. బయట దుమ్ము లేస్తే కిటికీలు ఆ రంగుకు తిరిగేవి. ఏసీ హోరులో మాటలు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుండేవి. మా టేప్ రికార్డరు ముందు ఒక్కొక్కరే కూర్చుని ఇంటివాళ్లతో కబుర్లు చెప్పుకునేవాళ్లు. రాయడం రానివాళ్లకు క్యాసెట్టే ఉత్తరం. బటన్ నొక్కే పెత్తనం నాది.

అర్దియాలో ఒక ముసలావిడ ఇంట్లో పనిచేసే పిల్ల కూడా వచ్చేది. పెళ్లయిన ఏడాదికే కువైట్ వచ్చేసింది. ఒకరోజు మొగుడికి సంబరంగా చెప్పుకుంది: "మామాకు నేనంటే పానం. పండక్కి మామా ఇచ్చిన గాజులే ఏసుకోనుండా. రేత్రిళ్లు మామా గదిలోనే పండుకుంటా. నా గురించి దిగులు పడాకు."

బాగా మాట్లాడావే అని మెచ్చుకున్నాను కూడా.

మూడు నెలలు ఊరి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆపైన క్యాసెట్ వచ్చింది. అందులో మొగుడి గొంతు రెండే మాటలంది: "ఆ మామతోనే ఉండిపో. ఇంటికి రావాకు."

పిల్ల గోడకు ఆనుకుని కూలబడింది. "నేనేం జేస్తినక్కా?"

మా ఆయన నెత్తి కొట్టుకున్నారు. "ఏమ్మే, మామా అంటే ఇంటి యజమానురాలని మనకు తెలుసు. ఆయప్పకేం తెలుసు?"

ఊళ్లో ఆమె మొగుణ్ణి పిలిచే పిలుపూ అదే. తన పిలుపును ఇంకో మగాడికి ఇచ్చేసిందనుకున్నాడు. బటన్ నొక్కి విన్న నాకు చెవులేమయ్యాయి? నా మీద నాకే ఒళ్లు మండింది. ఈ దేశపు మాట ఎప్పుడు నాదైపోయిందో నేను గమనించనే లేదు.

మరుసటి శుక్రవారం, పిల్ల నోట సంగతి విని ఆ ముసలావిడే వచ్చింది, నల్ల అబాయాలో, మోకాళ్లు పట్టుకుంటూ మూడంతస్తులూ ఎక్కి. మా చాప మీద కూర్చుని "యల్లా" అంటూ బటన్ వైపు చూపించింది. అరబ్బీలో చాలాసేపు మాట్లాడింది, మొదట కోపంగా, చివర్లో మెత్తగా. ఆ వెనకే నేను తెలుగులో చెప్పాను. "ఈమే మామా. ముసలి మనిషి, రాత్రి ఒంటరిగా లేవలేదు. నీ భార్యను కూతురిలా పక్కన పడుకోబెట్టుకుంటోంది."

సెలవుకు ఊరెళ్లొచ్చిన మనిషొకడు జవాబు క్యాసెట్ తెచ్చాడు. ఇల్లు నిండా మనుషులు. నేను బటన్ నొక్కాను. టేపు కాసేపు ఉత్తినే తిరిగింది. టేపులో ఎవరో దగ్గారు. తర్వాత మొగుడి గొంతు, సిగ్గుపడుతూ:

"మామాకు మోకాళ్లు ఎట్లుండాయి? నూనె పంపిస్తాండా. నువ్వే రుద్దు. రుద్ది... నువ్వు ఇంటికి రా."

పిల్ల ముఖం కొంగులో దాచుకుని ఏడ్చింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు.

"ఇంగొకతూరి ఎయ్యక్కా" అంది.

ఆ సాయంత్రమంతా బటన్ నొక్కుతూనే ఉన్నాను.