సున్నా వేసిన పారితోషికం

ఇంటర్వ్యూ గదిలోకి పిలిచే ముందు నేను చొక్కా కాలరు సర్దుకున్నాను. పక్కన బెంచీ మీద కూర్చున్న కథకురాలు అది చూసి నవ్వింది.

"పెండ్లిచూపులకు వచ్చినవా దొరా? కాలరు చూసి ఇస్తరా గ్రాంటు?"

ఆమె నన్ను దొరా అంటుంది, నువ్వు అని కూడా అంటుంది. మొదటిది వెక్కిరింత, రెండోది ఈ కాలపు పద్ధతి. ఆమె పెద్దలు ఏటా కోతలయ్యాక మా ఊరికి వచ్చేవారు. కోటలాంటి మా గడి ముందు పటం వేలాడదీసి, దాని మీది బొమ్మలు ఒక్కొక్కటే కర్రతో చూపిస్తూ కథ చెప్పేవారు. మా పెద్దలు వడ్లు కొలిపించేవారు. ఇప్పుడు ఆ గడీ లేదు, పొలాలూ లేవు. ఆమె మాణికేశ్వర్ నగర్‌లో ఉంటూ ముషీరాబాద్‌లోని ఒక దుకాణంలో జాకెట్లు కుడుతుంది. నేను తార్నాకలో ఒక ఇంటి మేడ మీది వాటాలో అద్దెకుంటూ బొమ్మలు వేస్తాను.

ఊళ్లు విడిచి వచ్చి, ఆమె ఉండే చోటే విశ్వవిద్యాలయం క్యాంపస్ గోడ పక్కన గుడిసెలు వేసుకుని నిలదొక్కుకున్న వాళ్ల మీద ఒక కొత్త పటం చేయాలన్నది మా ఆలోచన. బొమ్మలు నావి, కథ కట్టి చెప్పడం ఆమెది. అందుకు ఆమె కొన్ని నెలలు కుట్టుపని మానుకోవాలి. వృత్తి కళాకారుల ప్రాజెక్టులకు ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు వస్తేనే అది కుదురుతుంది. పండుగ సీజనుకి ఉంటావో లేదో ఇవాళే తేల్చమని, లేకపోతే ఆ మిషను ఇంకొకరికి ఇస్తానని దుకాణం సేటు ఆమెకు చెప్పేశాడు.

లోపలికి పిలిచారు. అది అదే విశ్వవిద్యాలయంలో ఒక పాత సెమినార్ హాలు. బల్ల అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నావిడ రిటైరైన ప్రొఫెసరట. నేను తెచ్చిన పటం నమూనాను వేళ్లతో తాకకుండా, దగ్గరగా వంగి చూసింది. బాగుందంది. తర్వాత మా దరఖాస్తు తిప్పి ఒకచోట ఆగింది.

"బడ్జెట్‌లో మీ పారితోషికం దగ్గర సున్నా వేశారు. ఎందుకని?"

"అవసరం లేదనుకున్నానండి."

మా ఇంట్లో కళకు ఇవ్వడమే గాని తీసుకోవడం లేదు. ఆ సంగతి దరఖాస్తులోనూ రాశాను. నా పరిచయం అన్న చోట మొదటి పేరా అంతా మా తాతముత్తాతలు ఎవరెవరిని ఆదరించారన్నదే. ఎవరు అడిగినా ముందు ఇంటి సంగతి చెప్పాలని నాకు నడక నేర్పినప్పుడే నేర్పారు.

"ఇది కళ మీద బతికేవాళ్ల పథకం. మీ కాగితాలు చూస్తే ఎవరో ఆస్తిపరులు సరదాకి బొమ్మలు వేస్తున్నట్టుంది," అందావిడ. "మీరు అర్హులు కారేమో."

"ఆస్తి ఏడున్నది మేడం?" అని కథకురాలు అందుకుంది. "వాళ్ల గడి మొండిగోడలు గూడ కూలిపాయె."

నా చెవులు వేడెక్కాయి. ప్రొఫెసరు గొంతు మెత్తబడింది.

"అయితే ఇబ్బందుల్లో ఉన్న కళాకారుడినని ఒక లేఖ ఇవ్వండి. కుటుంబం ఎలా చితికిపోయిందో నాలుగు ముక్కలు రాయండి. దాని మీద మేం పరిశీలిస్తాం."

మంచి మనసుతోనే అంది. బల్ల కింద కథకురాలి చెప్పు నా బూటును గట్టిగా తొక్కింది.

"రాయనండి," అన్నాను.

ఆవిడ కాగితాల మీంచి తలెత్తింది.

"చితికిపోయామని రాయను. నేను సర్కారు బడుల గోడల మీద బొమ్మలు వేసి బతుకుతున్నాను. అక్షరాలు, పండ్లు, జంతువులు. చేసిన పనికి డబ్బు తీసుకుంటాను. అది రాయమంటే రాస్తాను. జాలిపడమని మాత్రం రాయను."

బడి గోడల సంగతి నేను మా బంధువులెవరితోనూ అనలేదు. పక్కనున్న మనిషితోనూ అనలేదు. కాసేపు బయట కూర్చోమన్నారు.

వరండాలోకి రాగానే ఆమె నా మీద పడింది.

"నీ మీసం దిగొద్దు, నా కథ మాత్రం మునుగాలె. అంతేనా? ఒక్క కాయిదం రాస్తే అయిపోతుండె."

"దయతలచి ఇచ్చారన్న పేరు మీకూ పడేది."

"పడితే పడనీ. ఏమన్న ఇరుగుతదా?" కొంగు బిగించుకుంది. "మా తాత మీ గడి ముందట అడుక్కోలే. కథ చెప్పిండు, వడ్లు కొలిపిచ్చుకున్నడు. తక్కువ కొలిస్తే మల్ల వచ్చి కొట్లాడిండు. ఎర్కనా నీకు?"

"ఎరుకే."

"ఎర్కుంటే సున్నా ఎందుకేసినవ్?"

ఆమె ఫోను మోగింది. సేటు. ఎత్తకుండా ఒళ్లో పెట్టుకుంది. అది మోగి మోగి ఆగింది.

"మా మనుమరాలి బడిల ఏనుగు నీదేనా?" అంది.

"నాదే."

"తొండం పొట్టిగున్నది."

"అక్కడ స్విచ్ బోర్డు ఉంది."

ఆమె నవ్వు ఆపుకుంది. ఫోను మళ్లీ మోగింది. ఈసారి కూడా ఎత్తలేదు. కాని బొటనవేలు దాని మీదే ఉంది. తలుపు తెరుచుకోకపోతే ఇంకొక్కసారికి ఎత్తేసేదే.

మళ్లీ లోపలికి పిలిచారు. ప్రొఫెసరు మా దరఖాస్తును నా వైపు తిప్పి పెట్టింది.

"లేఖ అక్కర్లేదు. బడుల వాళ్లు మీకిచ్చిన పని కాగితాలు రేపు తెచ్చివ్వండి. మిగతాదంతా మాకు సమ్మతమే. ఈ సున్నా కొట్టేసి, మీకు రావలసింది వేసి, పక్కన సంతకం పెట్టండి. అది లేకుండా నేను మంజూరుకు పంపలేను."

పెన్ను తీసుకున్నాను. అంత చిన్న పనికి అంతసేపు తీసుకున్నది నేనొక్కడినేనేమో. ఇంకొకరికి ఎంత ఇవ్వాలో చెప్పడం నాకు పుట్టుకతో వచ్చింది. నా పనికి ఇంత అని నలుగురి ముందు రాయడానికి మెడ వంచాల్సి వచ్చింది, కాగితం బల్ల మీద ఉంది కాబట్టి. పై వరుసలో ఆమె పారితోషికం ఉంది. సున్నా కొట్టేసి అదే అంకె వేశాను.

ఆమె తొంగి చూసింది. "నాకూ నీకూ ఒక్కటేనా?"

"ఎక్కువైందా?"

"అది బయట మాట్లాడుదం. ముందు సంతకం పెట్టు."

పెట్టాను. కాగితం ఆవిడ చేతికి వెళ్లిందో లేదో, కథకురాలు అక్కడే ఫోను తీసింది.

"సేటూ, నా మిషను వేరేటోళ్లకు ఇయ్యి. నేను వస్తలేను."

అవతలి అరుపు బల్ల దాకా వినిపించింది. ఆమె ఫోనును చెవికి జానెడు దూరంలో పట్టుకుని, అతను ఆపేదాకా కదలకుండా నిలబడింది.