అమెరికా కవరు, కృతజ్ఞత బిర్యానీ

హన్మకొండ హోటల్లో అమెరికా చదువుల మేళా పెడితే నేను వెళ్ళింది అక్కడ ఊరికే ఇచ్చే సంచి కోసం. సంచి కావాలంటే పేరు, అడ్రసు రాయమన్నారు. రాశాను. నెల తిరక్కముందే ఇంటికి దళసరి కవరొకటి వచ్చింది. లోపల నున్నటి పుస్తకం. ఎర్ర ఇటుకల భవనాలు, గడ్డిలో కూర్చుని కారణం లేకుండా నవ్వుతున్న పిల్లలు. దానితో ఒక ఉత్తరం: మిమ్మల్ని మా క్యాంపస్‌లో చూడాలని ఎదురుచూస్తున్నాం.

అమ్మ దవాఖానలో నర్సు. డాక్టర్ల పిచ్చిగీతలు సైతం చదవగల మనిషి. ఆ ఉత్తరం చదివి, నేను ఇంటికొచ్చేలోపే చర్చి అయ్యగారికి ఫోన్ చేసి, ఆదివారం కృతజ్ఞత ప్రార్థన, ఆ తర్వాత సంఘమంతటికీ బిర్యానీ అని చెప్పేసింది.

"అమ్మా, అది ప్రచార కాగితం. సంచి తీసుకున్నోళ్ళందరికీ పంపిన్రు. నేను అప్లికేషనే పెట్టలే."

"అప్లికేషన్ పెట్టకముందే పిలుస్తున్నరంటే, నీ గురించి ఎంత మంచిగ విని ఉండాలె బిడ్డా!"

నాకు ఒళ్ళు మండింది. మూడు నెలల కిందటే పరీక్ష రాసి, ర్యాంకు తెచ్చుకుని, ఇక్కడి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు సంపాదించాను. అప్పుడు చర్చిలో ముందు వరుస ఆంటీ "ఇంట్ల ఖాళీగ కూసునుడు కన్నా నయమే తియ్" అంది. ఇంట్లో అమ్మ కూడా ఊఁ అని పప్పు పోపు చూసుకుంది. ఇప్పుడు ఆదివారం ప్రార్థనలో అదే ఆంటీ, అమ్మ తెచ్చిన ఆ పుస్తకాన్ని బైబిలు మీద పెట్టుకుని పేజీలు తిప్పుతూ, "ఇటుకలు చూడు, ఎంత మంచిగున్నయో" అంటోంది. చదివి తెచ్చుకున్న సీటుకు లేని మర్యాద ఇటుకలకు దక్కింది.

పాటలయ్యాక అయ్యగారు, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమని మైకు నా చేతికిచ్చారు. దేవుని మందిరంలో నిలబడి అబద్ధమైనా ఆడాలి, పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని రెండో వరుసలో కూర్చున్న అమ్మ పరువైనా తీయాలి. బయట బిర్యానీ గంజు దమ్ము మీద ఉంది. ఆ వాసనకు సగం సంఘం అప్పటికే నన్ను క్షమించేలా ఉంది గానీ, అమ్మ సంగతే తెలియదు.

"అది అమెరికా సీటు కాదు," అన్నాను. "అందరికీ పంపే ప్రచార కాగితం. నాకు వచ్చిన సీటు ఇక్కడిదే. మూడు నెలల కిందట వచ్చింది."

ఎవరూ ఆమేన్ అనలేదు. ముందు వరుస ఆంటీ వెనక్కి తిరిగి అమ్మనే అడిగింది.

"గట్లయితే బిర్యానీ ఉన్నట్టా, లేనట్టా?"

అమ్మ లేచింది. నేను తల దించుకున్నాను.

"ఉన్నది వదినా. నా బిడ్డకు ఈడ సీటొచ్చిన నాడే పెట్టాల్సిన బిర్యానీ అది. మూడు నెలలు లేటు చేసిన, తప్పు నాదే. అందరు తినిపోండ్రి."

అప్పుడు అందరూ ఆమేన్ అన్నారు. నేనే అనలేకపోయాను, ఏడుపొచ్చి.