ముట్టుకోని పైస

నాణేలు పోగుచేసేవాళ్లంతా ఒకటేనని బయటివాళ్లు అనుకుంటారు. మాలోనూ రెండు పార్టీలున్నాయి. ఒక పార్టీకి యూఎన్‌సీ తప్ప మరొకటి పనికిరాదు. టంకశాలలో అచ్చు పడ్డాక ఎవరి జేబులోకీ, ఎవరి కొంగుముడిలోకీ పోకుండా మిగిలిపోయిన నాణేన్ని యూఎన్‌సీ అంటారు. రెండో పార్టీవాళ్లకు అరిగినవే ముద్దు. అంచులు మొద్దుబారాలి, రాజుగారి ముక్కు చదునైపోవాలి, పది చేతులు మారినట్టు కనపడాలి. నేను మొదటి పార్టీలో మొండిరకం. సూళ్లూరుపేటలో బట్టల కొట్టు నడిపే నా స్నేహితుడిది రెండో పార్టీ. నాకంటే బాగా చిన్నవాడు. నెల్లూరులో ఆదివారాలు మేమంతా కలిసినప్పుడు నా డబ్బాలు చూసి, “నీవి పుట్టినాయి గానీ బతకలేదన్నా” అనేవాడు. “నీవి బతికి బతికి మొహాలు పోగొట్టుకున్నాయి పోరా” అనేవాణ్ణి.

యూఎన్‌సీ పిచ్చి ఉన్నవాడు సముద్రం ఒడ్డున మైపాడులో కాపురం ఉండకూడదు. ఇక్కడ కిటికీ ఊచలే పొరలు పొరలుగా రాలిపోతాయి. ఐస్ ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇనుము ఉప్పుగాలికి ఎలా చస్తుందో చూసినవాణ్ణి. రాగి, కంచు ఇంకా సుకుమారం. అందుకే స్టీలు డబ్బాలు, వాటి నిండా తేమ పీల్చే పొట్లాలు, మూతల చుట్టూ టేపు. నాణెం బయటికి తీస్తే అంచులే పట్టుకోవాలి, అదీ నూలు గ్లవుజులతో. దానిమీద నోరు తెరిచి మాట్లాడకూడదు. తుంపర పడిందంటే కొన్నాళ్లకు అక్కడ నల్లమచ్చ తేలుతుంది. ఇంటికొచ్చిన చుట్టాలు చెయ్యి చాస్తే కసిరేవాణ్ణి. “ఆ డబ్బాల్ని చూసినట్టు నన్నెప్పుడైనా చూసినారా?” అని మా ఆవిడ ఎత్తిపొడిచేది. నిజం చెప్పాలంటే, చూడలేదు.

చూపు తగ్గుతోందని నాకు ముందే తెలుసు. అద్దాలు మార్చుకుంటే సరిపోతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒక ఆదివారం నెల్లూరులో ఎవరో వెండి అర్ధరూపాయి బల్లమీద పెట్టారు. తీసి వెలుగులో అటూ ఇటూ తిప్పి, “యూఎన్‌సీ. అనుమానమే లేదు” అని అందరికీ వినపడేలా ప్రకటించి, బేరమైనా ఆడకుండా కొన్నాను. నా స్నేహితుడు నన్ను చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి తీసుకుపోయాడు.

“అన్నా, అది తోమిన నాణెం గదా. చింతపండు పెట్టి రుద్దినారు. నీకు కనపళ్లేదా?”

మా వాళ్లలో సగం మందికి ఆ తేడా నేర్పింది నేనే. ముట్టుకోని నాణేన్ని వెలుగులో వంచితే మెరుపు దానిమీద గుండ్రంగా తిరుగుతుంది. తోమినదాని తళుకు చచ్చినట్టు ఒకేచోట పడి ఉంటుంది. నేను ఎండలోకి వెళ్లి ఆ అర్ధరూపాయిని ఎంతసేపు తిప్పినా, మెరుపు తిరుగుతోందో లేదో తెలియలేదు. చేతిలో తెల్లటి మసక ఉంది, అంతే.

డాక్టరు నీటికాసులు అన్నాడు. జబ్బు పేరులో కూడా కాసులేనా అని నవ్వబోయాను, నవ్వు రాలేదు. పోయిన చూపు తిరిగి రాదట. చుక్కలు వేసుకుంటే మిగిలిందైనా కొన్నాళ్లు నిలబడుతుందేమో చూద్దామన్నాడు. నిలబడలేదు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిపానో చెప్పుకోవడానికే ఇష్టం లేదు. పొద్దున్నే ఎండ వరండాలోకి రాగానే డబ్బాలు ముందేసుకుని కూర్చునేవాణ్ణి. ఒక్కో నాణెం కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని, మెడ అటూ ఇటూ వంచి, చూపులో మిగిలిన చిన్న కంతలోకి దాన్ని ఇరికించాలని చూసేవాణ్ణి. ఒకరోజు దొరికేది, మర్నాడు దొరికేది కాదు. ఇంట్లో ఉండగానే అవి నాకు లేకుండా పోతున్నాయి. ఇంతకంటే ఎవడైనా దొంగిలించుకుపోయినా బాగుండేదని ఏడ్చాను. మా ఆవిడ నా కళ్లమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయబోతే తోసేశాను. “మీరు దేవుణ్ణి అడగరు, నన్ను అడగనీరు” అని ఆమె కూడా ఏడ్చింది.

కాసేపటికి ఆమే మెల్లగా అంది. “కళ్లు పోతే పోయినాయి. వేళ్లున్నాయి గదండీ. ముట్టుకుని చూడండి.”

ఇంట్లో వినకూడని మాట విన్నట్టు ఆమె మీద విరుచుకుపడ్డాను. వేలిముద్ర పడితే ఏమవుతుందో తెలుసా, ఆ జిడ్డు లోహాన్ని తినేస్తుంది, ఇన్నేళ్లు కాపాడింది ఇందుకా అని అరిచాను. ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజే నిర్ణయించుకున్నాను. గుడ్డివాడి దగ్గర యూఎన్‌సీ నాణేలు ఎందుకు? కళ్లున్నవాడికి అమ్మేస్తే వాటికైనా విలువ దక్కుతుంది.

నా కంటిమీద నాకే నమ్మకం లేదు కాబట్టి ఏది ఎంత బాగుందో గ్రేడు చెప్పడానికి సూళ్లూరుపేట నుంచి స్నేహితుణ్ణి రమ్మన్నాను. వాడు గ్లవుజులు తొడుక్కుని, ఒక్కోటీ తీసి చూసి చెబుతుంటే నేను ఎదురుగా కూర్చుని విన్నాను. “యూఎన్‌సీ అన్నా.” “యూఎన్‌సీనే.” ప్రతిసారీ, మెరుపు తిరుగుతోందా అని అడిగాను. “తిరుగుతుండాదన్నా” అన్నాడు, ఒక్కసారి కూడా విసుక్కోకుండా. నా సొంత నాణేల సంగతి ఇంకొకడి నోటితో వినాల్సి వచ్చింది. వాడి కళ్లమీద నాకు అసూయ పుట్టింది.

చివరికి గుర్రం పైస దాకా వచ్చాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అచ్చేసిన కంచు పైస అది, ఒకవైపు పరుగెత్తే గుర్రం. నా దగ్గరున్న వాటిలో నాకు ప్రాణం. కంచు పుట్టినప్పటి ఎర్రదనం దానిమీద ఇంకా అలాగే ఉండేది. సముద్రం ఒడ్డున అది నిలవడం మా వాళ్లెవరూ నమ్మేవాళ్లు కాదు. నేను ఒక్కనాడూ దాని మొహంమీద వేలు పెట్టలేదు.

వాడు కుర్చీని వెలుగువైపు జరుపుకున్న చప్పుడైంది.

“ఎర్రగా ఉందా?” అన్నాను.

“ఉండాదన్నా. తోక కాడ మాత్రం...”

“చెప్పరా.”

“పచ్చగా చిలుం పట్టింది. గాలి దూరినట్టుంది. చిన్నదే గానీ, లోపలికి తిన్నది.”

నాకు కోపం రావాల్సింది, రాలేదు. ఏ వేలూ తగలనియ్యకుండా, ఆఖరికి నా వేలు కూడా తగలనియ్యకుండా పెట్టుకున్నదాన్ని ఉప్పుగాలి హాయిగా వచ్చి ముట్టుకుపోయింది. నేను అరచెయ్యి చాచాను. వాడు గ్లవుజు ఇవ్వబోయాడు. దాన్ని పక్కకు నెట్టి, పైస తీసుకుని, బొటనవేలు నిండుగా దాని మొహంమీద ఆనించాను.

చల్లగా తగిలింది. మొదట ఏమీ తెలియలేదు, ఏదో గరుకు, అంతే. ఇది కూడా దక్కదా అనుకున్నాను. మళ్లీ మెల్లగా, కింది నుంచి పైకి తడిమాను. సన్నటి గీతలు దొరికాయి. అవి కాళ్లు. వాటిమీద ఉబ్బెత్తుగా పొట్ట, దాని ముందు వంగిన మెడ. ఒక్క చెయ్యి కూడా అరగదీయని గుర్రం, అచ్చు పడిన రోజున ఎంత పదునుగా ఉందో అంత పదునుగా నా వేలి కింద పరుగెత్తుతోంది.

“అన్నా, వద్దన్నా, పాడైపోద్ది” అని వాడు నా మణికట్టు పట్టుకున్నాడు.

“ఉండరా” అన్నాను. “చూసుకోనీ.”