మూడు బారల తొట్టిలో యమున

భోగాపురం దాటి సముద్రం వైపు వెళ్తే యమున ఊరు వస్తుంది. మగవాళ్లంతా చేపల వేటకు వెళ్లేవాళ్లే. ఆడవాళ్లలో మాత్రం ఒక్కరికీ ఈత రాదు. చేపల గంప నెత్తిన పెట్టుకుని మైళ్లకు మైళ్లు నడవడానికి పనికొచ్చే ఆడది, మోకాలు దాటి సముద్రంలో దిగితే గంగమ్మకి మైల అట. ఎవరు చెప్పారయ్యా అంటే పెద్దలు. ఆ పెద్దలకు ఎవరు చెప్పారో అడిగినవాళ్లు లేరు. యమున అడిగింది.

అడగడానికి కారణం ఉంది. హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడు, పిక్నిక్‌కి వచ్చిన కాలేజీ పిల్ల ఒకతి ఆమె కళ్లముందే కెరటంలో కొట్టుకుపోయింది. మగవాళ్లు వేటలో ఉన్నారు. ఒడ్డున ఉన్న పాతికమంది ఆడవాళ్లు కేకలు వేశారు, అంతే. సముద్రం పక్కన ముప్పై ఏళ్లు బతికి, పది బారల దూరం వెళ్లలేకపోయానే అని యమునకు సిగ్గేసింది. ఆ తర్వాత ఒళ్లు మండింది. ఏడాది తిరక్కుండానే బీచిలో లైఫ్‌గార్డులు కావాలనీ, ఆడవాళ్లూ రావచ్చనీ కబురొచ్చింది. రెండు వందల మీటర్లు ఐదు నిమిషాల్లోపు ఈదాలి. యమున పేరిచ్చేసింది.

మొగుడు ధనరాజు నేర్పుతానన్నాడు. ఇద్దరూ నడుములోతు దిగారో లేదో, కులపెద్ద ఎర్రన్న ఒడ్డున ప్రత్యక్షమయ్యాడు. ధనరాజుకి మేనమామ కూడాను.

"ఒరే, ఆడదాన్ని సముద్రంలో దింపుతావేట్రా! రేపు వలలు కాళీగా వస్తే ఎవలు సూస్తార్రా?" అని గద్దించాడు. ఇంకోసారి దింపితే ధనరాజు పడవ మీద ఎవరూ వేటకు వెళ్లకూడదని అక్కడికక్కడే తీర్పు కూడా చెప్పేశాడు.

యమున తడిబట్టలతోనే ఆయనకెదురుగా వచ్చి నిలబడింది. "సముద్రంలో దిగొద్దన్నావు. అంతే గదా మావా?"

"అంతే."

"సరే" అంది. ఆ సరేలో ఎంత మొండితనం ఉందో ఎర్రన్నకి అప్పుడు అర్థం కాలేదు.

ఊరి చివర రొయ్యపిల్లల హేచరీ ఒకటి తుఫానుకి పాడై మూతపడి ఉంది. కాపలా కాసే జగన్నాధాన్ని బతిమాలితే ఒక తొట్టి కడిగి, మోటారు వేసి నింపిచ్చాడు. మూడు బారల పొడవు, బార వెడల్పు, బొడ్డుదాకా లోతు. రెండుసార్లు చేతులు ఆడిస్తే గోడ. ఊరంతా నవ్వింది. ధనరాజు కూడా నవ్వాడు గానీ, నవ్వినవాడే వల తాడు తెచ్చి ఒక కొస ఆమె నడుముకీ, రెండో కొస ఇనుప గొట్టానికీ కట్టాడు. ఇక ఎంత ఈదినా ఉన్నచోటే. తాడు నడుముని కోసేస్తుంటే మధ్యలో సైకిలు ట్యూబులు ముడివేశాడు. అది మెత్తగా వెనక్కి లాగుతుంటే యమున ముందుకి కొట్టేది.

తంటా ఇంకోచోట వచ్చింది. ధనరాజు నేర్పింది తల పైకెత్తి ఈదే ఈత. కెరటాన్ని చూడకపోతే చావే కాబట్టి వేటగాళ్లందరూ అలాగే ఈదుతారు. తల లేస్తే కాళ్లు దిగుతాయి. సముద్రంలో కాళ్లు ఎంత దిగినా అడుగు తగలదు గానీ, బొడ్డులోతు తొట్టిలో మోకాళ్లు సిమెంటుకి గీసుకుంటాయి. వారం తిరిగేసరికి యమున మోకాళ్ల మీద తోలు లేచిపోయింది. ఎనిమిదో రోజున కోపమొచ్చి, ముఖం పూర్తిగా నీళ్లలో ముంచేసి, అడుగుని చూస్తూ కొట్టింది. కాళ్లు తేలాయి. ట్యూబు ఎన్నడూ సాగనంత సాగింది.

"బావా, నువ్వు నేర్పింది తప్పు" అంది లేచి నిలబడి.

"మా తాతల కాడి నుంచి ఇలాగే ఈదతన్నాం" అని ధనరాజు ఎగిరిపడ్డాడు. తనూ తొట్టిలో దిగి, మోకాళ్లు గీసుకున్నాకే ఒప్పుకున్నాడు.

సంగతి తెలిసి ఎర్రన్న వచ్చాడు. "ఇయ్యీ సముద్రం నీల్లే గదే!"

"అవును మావా. ఈ తొట్లలో దిగి కడగడానికి నీ కోడలు రెండేల్లు కూలికొచ్చింది. అప్పుడు గంగమ్మకి కోపం రానేదా? నాను దిగితేనే వచ్చీసిందేటి?"

ఎర్రన్న దగ్గుకుంటూ వెళ్లిపోయాడు. ఆ రోజు యమునకి ప్రాణం లేచొచ్చింది.

నాలుగు నెలలు, చేపలమ్మి వచ్చాక రోజూ మధ్యాహ్నం అదే పని. ఫోనులో టైము పెట్టుకునేది. కాలు కింద పెట్టకుండా మొదట ఒక్క నిమిషం, చివరికి పదిహేను నిమిషాలు.

పరీక్ష విజయనగరంలో. ఇరవై అయిదు మీటర్ల కొలను, ఎనిమిది చుట్లు. ఎక్కడ నేర్చుకున్నావని ఆఫీసరు అడిగితే "రొయ్యల తొట్టిలో సార్" అంది. వరసలో ఉన్న కుర్రాళ్లు పకపకా నవ్వారు. మొదలెట్టమని ఆఫీసరు ఈల ఊదాడు. నడుముకి తాడు లేని ఒళ్లు ఆమెకే కొత్తగా ఉంది, దూసుకుపోతోంది. అయితే ఎప్పుడూ కట్టేసి ఈదిన మనిషికి, గోడ దగ్గరికి వచ్చేస్తుందని ఎవరు చెప్పారు? తల పోయి ఠపీమని గోడకి కొట్టుకుంది. కనుబొమ్మ మీద నెత్తురు.

"బయటికొచ్చెయ్యమ్మా!" అని ఆఫీసరు అరిచాడు.

"తలకి తగిలింది సార్, కాల్లకి కాదు" అని గోడని తన్ని వెనక్కి తిరిగింది. మిగతా చుట్లన్నీ చెయ్యి ముందుకి చాపి గోడని తడుముకుంటూ తిరిగింది. నాలుగు నిమిషాల నలభై సెకన్లు. ఉద్యోగం వచ్చింది.

ఆ సాయంత్రం ఎర్రన్న ఇంటికొచ్చాడు. "ఊరికి పేరు తెచ్చినావు. ఉద్యోగం సెయ్యి, కాదన్ను. కానీ ఒడ్డునుండి ఈల ఊదు. నీల్లల్లోకి మొగోల్లు దిగుతారు."

తెల్లారి పడవలు ఒడ్డుకి చేరేవేళ, ఊరంతా చూస్తుండగా యమున సముద్రంలోకి నడిచింది. మోకాలు దాటింది, నడుము దాటింది.

"ఒసే యమునా! ఆగే!" అని ఎర్రన్న పరిగెత్తుకొచ్చాడు.

ఆమె వెనక్కి తిరిగింది. "నన్నాపాలంటే నువ్వే ఈదుకుని రావాల మావా."

అని ముఖం నీళ్లలో ముంచి, విరుచుకుపడుతున్న కెరటం కిందుగా దూరి అవతల తేలింది. డెబ్భై ఏళ్ల ఎర్రన్న నీళ్ల అంచున ఆగిపోయాడు. ఒడ్డునున్న ఆడవాళ్లలో ఒక్కరూ ఆమెని వెనక్కి పిలవలేదు.