అమ్మ ముక్కు, పొగాకు కుప్ప

మా అమ్మకు కోపం ముక్కు మీద ఉంటుందని ఊరంతా అంటారు. జ్వరం తగిలి తగ్గాక ఆ ముక్కుకు కోపమొక్కటే మిగిలింది. వాసన పోయింది. చూసిపోదామని నేను పుట్టింటికి వచ్చేసరికి, పోపు మాడినా తెలియడం లేదు. అదీ సరే, జ్వరం రావడానికి ముందే పెరట్లో పండించిన పొగాకును ఆరగట్టి, నీళ్లు చిలకరించి, పాకలో కుప్ప పేర్చి గోనెలు కప్పేసింది.

కుప్పలో పెట్టిన ఆకు లోపల్లోపల వేడెక్కి పండుతుంది. వేడి చేతికి తెలుస్తుంది. పండుతోందో కుళ్లుతోందో మాత్రం ముక్కే చెప్పాలి. వీధిలో ఎవరు కుప్ప వేసినా ఓ ఆకు పట్టుకొచ్చి అమ్మ ముక్కు దగ్గర పెట్టేవారు. అటువంటి మనిషి తన కుప్ప ముందే కూర్చుని, ఆకును మళ్లీ మళ్లీ పీలుస్తోంది.

“పక్కింటి పిన్నిని పిలవనా?” అన్నాను.

“సాల్లే. నా ముక్కు పోనాదని ఊరంతా డప్పు కొట్టిస్తావేటి? నువ్వే సూడు.”

నేనా! పెళ్లయి గజపతినగరం వెళ్లినందుకు నా మొదటి సంతోషం ఆ కంపు తప్పిందనే. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగొద్దని ఆవిడతో పడ్డ తగువులకు లెక్కలేదు. కుప్ప కుళ్లితే పీడా పోతుందని కూడా ఓ క్షణం అనిపించింది. కానీ ఇది కుళ్లితే అమ్మ ఇంక కుప్ప వెయ్యదు, ఎవరి ఆకూ ముట్టుకోదు. అలాంటి అమ్మను ఊహించుకోలేకపోయాను.

ఇక నాకు కుదురు లేదు. అన్నం వార్చి పాకలోకి, బట్టలు ఆరేసి పాకలోకి. గోనె ఎత్తడం, చెయ్యి దూర్చడం, చుర్రుమంటే కుప్ప విప్పి లోపలి ఆకు పైకీ పైఆకు లోపలికీ వెయ్యడం.

“కాలుగాలిన పిల్లిలాగ ఏటే ఆ తిరుగుడు? మాటిమాటికీ గోనె తీస్తే కుప్ప సల్లారిపోతాది!”

పోనీ అని కూర్చుంటే, “అలగ కూకున్నావేటే, అక్కడ ఆకు మాడిపోతన్నాది!” ఈవిడతో ఎలా చచ్చేది?

మొదట ఎండుగడ్డి వాసన వేసింది. తర్వాత పశువుల కొట్టంలాంటి ఘాటు, కళ్లమ్మట నీళ్లు. “అదే, అదే రావాల,” అంది అమ్మ. ఓ పొద్దున ఆ ఘాటు తగ్గి ఇంకేదో వచ్చింది. కుళ్లేమోనని ఓ ఆకు లాగి పరుగెత్తుకెళ్లాను.

అమ్మ దాన్ని నా ముక్కుకే ఆనించింది. “సెప్పు. బెల్లమా?”

“కాదు.”

“బూజా?”

“కాదమ్మా!”

“మరేటే? నీకైనా ముక్కున్నాదా, నేదా?”

మళ్లీ పీల్చాను. బాగా తెలిసిన వాసనే, మాట దొరకడం లేదు. ఆఖరికి దొరికింది.

“నీ వాసనే అమ్మా. నీ పక్కన పడుకుంటే కొంగులోంచి వచ్చే వాసన.”

అమ్మ ఆకును తన ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. ఏమీ తెలియలేదని మొహమే చెప్పింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“అయితే పండినాదే. గోనెలు తీసీ,” అంది.